పూటకూళ్ళ యింట కంచము పొత్తు

మిత్రులతో కలసి ఇంటి వెలుపల భోజనము చేయుట ఈ కాలమున పుట్టిన వేడుక యని మనలో పెక్కురు తలంచుచుందురు. అది నిజము కాదు. క్రీడాభిరామమును చదివినవారికి ఓరుగల్లు వీథులలో విహరించిన గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు జ్ఞాపకముండకపోరు. ఆ మిత్రులిద్దరును కాకతీయుల రాజధానిలో ఎరిగిన విశేషములలో పూటకూళ్ళ యిల్లు ఒకటి. అచట ఒక్క రూక యిచ్చినచో చాలును. సన్నబియ్యపు అన్నము, గోధుమపిండి వంట, పెసరపప్పు, ఆవునేయి, అరటిపండ్లు, గడ్డపెరుగు, అన్నియు విస్తరిలోనికి వచ్చెడివి. కనుక స్నేహితులు జతగూడి, పరుల యింట పైకమిచ్చి భుజించుట మనకును పాత సంగతియే.

అయితే ఆ పద్ధతిని నిత్యజీవనములో నొక ముఖ్యభాగముగా నేటికిని నిలుపుకొన్న దేశములలో ఇటలీ యొకటి. 2025 డిసెంబరులో దిల్లీ నగరమున సమావేశమైన యునెస్కో సంఘము ఇటలీవారి వంటను మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చెను. మన దీపావళి పండుగ కూడ ఆ సమావేశముననే ఆ పట్టికకెక్కినది. వంట యనగా వండు పద్ధతులు మాత్రమే కాదు. నలుగురు ఒక బల్లచుట్టు కూర్చుండి తిను తీరు కూడ అందులోనిదే. అచటి సామాన్యమైన భోజనశాలలో మిత్రులతో కూర్చుండుట యెట్టిది, వడ్డన క్రమమేమి, పైకము చెల్లించు పద్ధతి యేమి, అందులో మనము నేర్వదగినదేమి, ఈ విషయములను మాకు కలిగిన యొక యనుభవముతో జోడించి మనవి చేయుదుము.

ఇటలీలో భోజనశాలలన్నియు ఒక్క పేరుతో పిలువబడవు. ముద్రించిన పెద్ద పట్టికయు, పలువురు పరిచారకులును గలిగి, కొంత ఆడంబరముతో నుండునది రిస్తొరాంతె. ఒక కుటుంబమువారు నడపుకొనుచు, తక్కువ వెలకు ఇంటివంటవంటి వంటను పెట్టునది త్రత్తోరియా. మన పూటకూళ్ళ యిల్లు అను మాటకు సరియైన మాట యిదియే. ఒస్తెరియా యనునది మొదట ద్రాక్షసారా అంగడి. పూర్వము రోములో కూలి నాలి చేసికొనువారు తమ భోజనమును ఇంటినుండియే మూటగట్టి తెచ్చుకొని, ఒస్తెరియాలో సారా మాత్రము కొని, అచటి బల్లలపై మూట విప్పి తినెడివారు. మూటను ఆ భాషలో ‘ఫగొత్తో’ అందురు గనుక వారికి ‘ఫగొత్తారి’ యను పేరు వచ్చినది. పిజ్జేరియాలో పిజ్జాయే ప్రధానము. కట్టెలపొయ్యి వెలిగించు శ్రమచేత చాలచోట్ల అది రాత్రిపూట మాత్రమే దొరకును. నేడు ఈ పేర్ల నడుమ హద్దులు చాలవరకు చెరిగిపోయినవి. మిక్కిలి ఖరీదైన భోజనశాలలు కూడ వినయము నటించి, ఒస్తెరియా యని పేరు పెట్టుకొనుచున్నవి.

ఈ మాటలలో నొకదానిని గురించి కొంచెము చెప్పవలెను. ఒస్తెరియా నడుపువానిని ‘ఒస్తె’ యందురు. ఆ మాటకు మూలమైన లాటిను పదమునుండియే ‘ఒస్పితె’ యను మరియొక మాట పుట్టినది. దానికి అతిథి యనియు, ఆతిథ్యమిచ్చువాడనియు రెండర్థములును కలవు. పెట్టువాడును, తినువాడును ఒకే పేరుతో పిలువబడుట మొదట మాకు వింతగా తోచినది. అందులోని యౌచిత్యము తరువాత తెలిసినది.

కొంతకాలము క్రిందట మేము రోము నగరమున కొలది వారములుంటిమి. ఒకనాటి రాత్రి అయిదుగురము కలసి త్రత్తోరియాకు పోవుట తటస్థించినది. పాఠశాలలో చిరకాలము పని చేసి విరమించిన ఇటాలియను మిత్రుడొకరు, ఆయన సోదరి, మాతో వచ్చిన మన ప్రాంతపు స్నేహితుడొకరు, విద్యార్థివేతనముతో అచట చదువుకొనుచున్న తెలుగు యువకుడొకడు, మేము. ఆ యిల్లు తెస్తాచ్చో అను పేటలో నున్నది. ఆ పేటలో ప్రాచీన రోమనులు ఆలివునూనె తెచ్చుకొన్న కుండలను పగులగొట్టి పోయగా నేర్పడిన పెంకుల గుట్ట కలదు. అది సుమారు 35 మీటర్ల ఎత్తున్నది. 1975 వరకు అచట పెద్ద పశువధశాల యుండెడిది. మంచి మాంసము ధనికుల యిండ్లకు పోగా, మిగిలిన ప్రేవులు, తోకలు, కాలేయములు పనివారి పాలికి వచ్చెడివి. వానిని వారి స్త్రీలు రుచిగా వండిన వంటకములే రోము వంటలలో పేరు పొందినవి. పేదవాని అవసరము పాకశాస్త్రమున నొక అధ్యాయమగుట యన్నిదేశములందును ఉన్నదే.

ఇటలీలో వేళ మీరి పోయినచో అన్నము పుట్టదు. మధ్యాహ్నము పన్నెండున్నర మొదలు రెండున్నర వరకు, రాత్రి ఏడున్నర గాని యెనిమిది గాని అయిన తరువాత, ఇది సామాన్యముగా త్రత్తోరియా తలుపు తీసియుండు వేళ. నడుమ పొయ్యి యార్పివేయుదురు. మేము ఎనిమిది గంటలకు పోయితిమి. గృహిణి వచ్చి మమ్ము కూర్చుండబెట్టి, రొట్టెముక్కల బుట్టను బల్లపై నుంచి, నీరు బుడగలు గలది కావలెనా, మామూలుది కావలెనా యని అడిగినది. అచట నీటిని సీసాలలో అమ్ముదురు. ఇంటి ద్రాక్షసారాను పావు లీటరు, అర లీటరు, లీటరు కూజాలలో ఇత్తురు. అక్కరలేనివారు వలదనినచో ఎవరును తప్పుగా తలంపరు.

రొట్టె యుచితముగా వచ్చినదని మనవారు సంతోషింతురు. అది పొరపాటు. కూర్చున్న ప్రతి మనిషికిని ‘కోపెర్తో’ యను పేరిట ఒకటి మొదలు మూడు యూరోల వరకు లెక్కలో చేర్చుట అచటి వాడుక. బల్లగుడ్డ, పళ్ళెములు, రొట్టె, వీనికై తీసికొను రుసుమది. రోము నగరమున్న లాత్సియో ప్రాంతమున 2006లో చేసిన చట్టము ఈ రుసుమును నిషేధించినది గనుక, అచట రొట్టె వెల యని వేరుగ వ్రాయుదురు. పరిచారకునకు బహుమానమిచ్చుట నిర్బంధము కాదు. తృప్తి కలిగినచో చిల్లర నాణెములు కొన్ని విడిచిపోవుదురు.

పట్టిక చేతికి వచ్చినప్పుడు తెలుగువానికి భయపడ బనిలేదు. స్పగెట్టి, పెన్నె, రిగతోని, లసాన్యా, రిసోట్టో, అన్నియు అచ్చుతో ముగియు మాటలే. పాశ్చాత్యులు కొందరు మన భాషను తూర్పుదేశపు ఇటాలియను అని పిలుచుటకు కారణమిదియే గదా! ఆ పేర్లను మా యువకమిత్రుడు బిగ్గరగా చదువగా, ఆ వృద్ధుడు తన శిష్యులకన్న స్పష్టముగా నున్నదని మెచ్చుకొనెను.

ఇక వడ్డన క్రమము. మన విస్తరిలో పప్పు, కూర, పచ్చడి, పులుసు, పెరుగు అను క్రమము కలదు. కాని పదార్థములలో చాలవరకు ఒక్కసారిగనే విస్తరిలో అమరియుండును. ఇటలీలో నొక పళ్ళెము తీసిన తరువాతనే మరియొక పళ్ళెము వచ్చును. మొదటిది ‘అంతిపాస్తో’. పాస్తాకు ముందు వచ్చునది యని కొందరు దీనికి అర్థము చెప్పుదురు గాని, అది సరికాదు. ‘పాస్తో’ యనగా భోజనము. భోజనమునకు ముందు తినునది యని యర్థము. ఆలివుకాయలు, నూనెలో ఊరిన వంకాయ, కాల్చిన రొట్టెపై టమాటా ముక్కలు మొదలగునవి ఇందులో వచ్చును. తరువాతిది ‘ప్రీమో’, అనగా మొదటిది. పాస్తా గాని, బియ్యముతో చేసిన రిసోట్టో గాని, పప్పుదినుసుల చారు గాని యిక్కడ వచ్చును. ‘సెకొందో’ యనగా రెండవది. మాంసము లేక చేప. దానికి తోడుగా వచ్చు కూరగాయలు ‘కొంతోర్నో’. దీనిని వేరుగ అడుగవలెను, వెలయు వేరు. అటుపై పండ్లు లేక తీపి, చివర చిన్న గిన్నెలో చిక్కని కాఫీ. పాలు పోసిన కాఫీని ఉదయమున తప్ప భోజనానంతరము త్రాగుట వారికి వింత. కడుపునకు బరువని వారి నమ్మకము. ఇన్నియు తినితీరవలెనని నియమము లేదు. ఒక ప్రీమో, ఒక కొంతోర్నో తిని లేచినను త్రత్తోరియాలో ఎవరును మొగము చిట్లించుకొనరు.

పాస్తాను గురించి రెండు మాటలు. ఎండు పాస్తాను గట్టి గోధుమరవ్వతోనే చేయవలెనని 1967లో ఇటలీలో చట్టము చేసిరి. మన సేమ్యాకు అది దూరపు చుట్టము. 100 గ్రాముల పాస్తాకు ఒక లీటరు నీరు, 10 గ్రాముల ఉప్పు అనునది వంటింటి లెక్క. పూర్తిగా మెత్తబడకముందే, కొరికినప్పుడు నడుమ కొంచెము బిరుసు తగులుచుండగనే దింపుదురు. అన్నము పలుకుగా నున్నదనుట మన యిండ్లలో వంట చేసినవారికి నింద. పాస్తా పలుకుగా నున్నదనుట అచట ప్రశంస. వార్చిన పాస్తాను ప్రక్క పెనములో నున్న పులుసులో వేసి, వార్చిన నీటిని ఒక గరిటెడు పోసి కలుపుదురు. ఆ నీరు గంజియే గదా. నూనెను, చీజును విడిపోనీయక పాస్తాకు పట్టించునది ఆ గంజియే. వెల్లుల్లి, ఆలివునూనె, ఎండుమిరప, ఈ మూటితోనే చేయు స్పగెట్టి యొకటి కలదు. దాని వాసన వచ్చినంతనే మాకు మన యింటి పోపు జ్ఞప్తికి వచ్చినది. మిరపయు, టమాటాయు రెండును అమెరికా ఖండమునుండి సముద్రము దాటి వచ్చినవే. టమాటా ఇటలీలో మొట్టమొదట 1544లో పేర్కొనబడినది. మిరపకాయ మనదేశమునకు పోర్చుగీసువారి ఓడలతో వచ్చినది. ఆంధ్రుడు మిరపకాయ లేనిదే, ఇటాలియను టమాటా లేనిదే అన్నము లేదనుట చూడగా, మన పూర్వులు వాని రుచియే ఎరుగరని నమ్మబుద్ధి పుట్టదు.

శాకాహారులగు మనవారికి ఒక హెచ్చరిక. మాంసము లేని వంటకమెల్ల శాకాహారము కాదు. రోములో మిరియాలపొడితో చేయు ‘కాచో ఎ పెపె’ యను పాస్తాలో మాంసము లేదు. కాని అందు వేయు పెకొరీనో చీజును గొఱ్ఱెపిల్ల కడుపునుండి తీసిన తోడుతో పేరబెట్టుదురు. పార్మా ప్రాంతపు ప్రసిద్ధమైన చీజుకు దూడ కడుపునుండి తీసినది వాడుదురు. ఆకుకూరలలో చేపముక్కలు నూరి కలుపుటయు కలదు. ఈ పట్టింపు గలవారు వెల్లుల్లి స్పగెట్టియో, చీజు లేక టమాటా, వెల్లుల్లి, నూనెతో చేసిన మరినారా పిజ్జాయో అడుగుట మేలు. మాతో వచ్చిన మిత్రుడు అట్లే చేసెను.

ఆ వృద్ధుడు తనకై ‘అమత్రిచానా’ యను పాస్తా తెప్పించుకొనెను. టమాటా, పందిచెక్కిలి మాంసము, పెకొరీనో, ఇవి దాని దినుసులు. రోమునకు ఈశాన్యమున కొండలలో నున్న అమత్రిచె యను చిన్న ఊరిపేరు మీద అది వెలసినది. 2016 ఆగస్టు 24వ తేది తెల్లవారుజామున వచ్చిన భూకంపములో ఆ యూరును, చుట్టుప్రక్కల ఊళ్ళును నేలకూలి, సుమారు 300 మంది మరణించిరి. ఆ వంటకము పేరిట ఏటేట జరుగు ఉత్సవమునకు అప్పటికి కొలది దినములే యున్నవి. అంతట భోజనశాలలవారు ఒక యేర్పాటు చేసిరి. అమత్రిచానా పళ్ళెమొక్కటి అమ్ముడైనచో, తినినవాడు ఒక యూరో, అమ్మినవాడు ఒక యూరో ఆ బాధితులకు పంపవలెను. ఆ సంవత్సరము తాను ఎందరు మిత్రులతో ఎన్ని పళ్ళెములు తినెనో లెక్కలేదని ఆయన చెప్పెను. భోజనపు బల్ల మీదనే పరుల దుఃఖమునకు పాలు పంచుకొనవచ్చునను సంగతి మాకు నచ్చినది.

తినుట యైనది, మాటలు కాలేదు. పది గంటలైనను ఎవరును వచ్చి లెక్క చీటి మా ముందు పెట్టరు. మన పట్టణములలో మధ్యాహ్నవేళ భోజన హోటలులో కూర్చున్నవాని కుర్చీ వెనుక మరియొకడు నిలుచుండి, మజ్జిగ యన్నము ఎప్పుడగునా యని చూచుచుండుట సామాన్యము. మనము చేయి కడుగుకొనకముందే చీటి వచ్చును. ఇటలీలో అడుగనిదే చీటి తెచ్చుట మర్యాద కాదు; మీరిక లేవవచ్చునని చెప్పినట్లగును. బల్ల ఆ పూటకు తిన్నవారిది. 1986లో రోములోని స్పానిషు మెట్ల యొద్ద అమెరికా తరహా త్వరిత భోజనశాల తెరచినప్పుడు, కార్లో పెత్రీని మొదలగువారు పాస్తా గిన్నెలు పంచి నిరసన తెలుపుటకు కారణము వంటకముల మీది యభిమానము మాత్రమే కాదు. బల్ల మీద కాలము నిలుచుట వారికి ముఖ్యము. నిదానముగా తినవలెనను ఆ యుద్యమము 1989లో పారిసు నగరమున ప్రకటన చేసి పలుదేశములకు వ్యాపించినది.

తుదకు మేమే చీటి యడిగితిమి. ఇక్కడనే మా వలన నొక పొరపాటు జరిగినది. ఈ ప్రసంగమున ముఖ్యముగా చెప్పదలచినది అదియే.

ఇటలీలో మిత్రులు కలసి తిన్నప్పుడు మొత్తమును తలల లెక్కను సమముగా పంచుకొనుట వాడుక. దీనిని ‘ఆల్లా రొమానా’, అనగా రోము పద్ధతి యందురు. ఎవరు ఏమి తినిరని లెక్క తీయరు; అట్లు తీయుట స్నేహమునకు తక్కువగా భావింతురు. మనలో పిలిచినవాడు ఇచ్చుట యాచారము. చీటికై ఇద్దరు ముగ్గురు పెనగులాడుట మర్యాద. ఆనాడు పిలిచినది ఎవరును కాదు. కనుక చీటిలోని 180 యూరోలను అయిదు భాగములు చేసి, ఒక్కొక్కరము 36 యూరోలు బల్లపై నుంచితిమి. మా యువకమిత్రుడు తన జేబునుండి నోట్లు తీసి, మారు పలుకక లెక్కించి పెట్టెను.

అతడు ఆ రాత్రి తినినది ఒక్క పళ్ళెము స్పగెట్టి మాత్రమే. దాని వెల 12 యూరోలు. అంతిపాస్తోలు, చేపలు, రెండవ కూజా, తీపి, ఇవన్నియు ఉత్సాహముతో తెప్పించినవారము మేము. ఆకలి లేదని అతడు రెండుమారులు చెప్పియుండెను. ఆ మాట మేము వింటిమి గాని, వినలేదు.

తరువాత రెండు పర్యాయములు పిలిచినను అతడు రాలేదు. ఒకనాడు వీథిలో కలిసినప్పుడు సంగతి గ్రహించి, నీ వంతు మేమిత్తుము, రమ్మని యంటిమి. అతడు నవ్వి యన్న మాట యిది: “ఒకసారి మీరిస్తే సంతోషంగా తింటానండీ. రెండోసారి మీ పక్కన కూర్చోలేను.”

ఈ మాటలో కోపము లేదు. కాని మాకు కన్ను తెరపించినది. ఇచ్చినచో అతడు మా యతిథి యగును; మేము ఆతిథ్యమిచ్చువారమగుదుము. ఒక పూటకు అది బాగుగనే యుండును. వారము వారము జరిగినచో స్నేహము తరిగి, దాతృత్వము మిగులును. సమముగా పంచుకొనుటయే స్నేహమునకు తగినది. కాని ఆ సమత్వము చీటి వచ్చిన తరువాత చేయు భాగహారములో లేదు. పట్టిక తెరచుటకు ముందే యుండవలెను.

ఈ సూక్ష్మము రోమువారికి తెలియనిది కాదు. 1974లో ఎత్తోరె స్కోలా తీసిన చలనచిత్రమొకటి కలదు. మనము ఒకరినొకరము ఎంతగానో ప్రేమించుకొంటిమి యని దాని పేరునకు అర్థము చెప్పవచ్చును. యుద్ధకాలమున నాజీలకు ఎదురు నిలిచి పోరాడిన ముగ్గురు స్నేహితులు, తరువాతి కాలమున రోములో నొక చౌక భోజనశాలలో కలిసికొనుచుందురు. ఆ భోజనశాల పేరు ‘సగము వడ్డన రాజు’. జేబు నిండని దినములలో సగము పళ్ళెము సగము వెలకు తిని, కడుపునిండ మాటలాడుకొనుటకు అట్టి చోటు కావలసివచ్చినది.

మేము జరిగినదానిని ఆ వృద్ధమిత్రునితో చెప్పుకొంటిమి. ఆయన తప్పు మాదని గాని, కాదని గాని అనలేదు. మరుసటి గురువారము అందరిని మరల పిలిచెను. గురువారమున బంగాళాదుంపతో చేసిన ‘న్యొక్కి’ తినుట రోములో ఆచారము. అందరును కూర్చుండగనే, పట్టిక ఇంకను తెరవకముందు, “ఈ రాత్రి తలకొక న్యొక్కి పళ్ళెము, నడుమ అందరికి నొక ఆకుకూర, ఒక కూజా, అంతే” అని గృహిణితో చెప్పివేసెను. ఎవరి పేరును ఎత్తలేదు. ఎవరి మొగమును చూడలేదు. పళ్ళెములు వచ్చినవి. తిని, పళ్ళెములో మిగిలిన పులుసును రొట్టెముక్కతో తుడిచి తింటిమి. ఇంటివంటి చోటులలో నిది తప్పు కాదు. పరిచారకులు మిగిలిన బల్లల మీద కుర్చీలు బోర్లించువరకు మాటలు సాగినవి. లెక్క చీటి వచ్చినప్పుడు అయిదు భాగములును నిజముగా సమములే యైనవి. ఆ రాత్రి ఎక్కువ మాటలాడినవాడు మా యువకమిత్రుడే.

స్నేహితునకు ఇటాలియను భాషలో ‘కొంపాన్యో’ యని నొక మాట కలదు. దాని మూలమగు లాటిను పదమునకు, రొట్టెను కలసి తినువాడని యర్థము. మనలోను చిరకాలపు స్నేహమునకు కంచము పొత్తు అనుట కలదు. రెండు భాషలును దూరదేశములలో వేరువేరుగ పెరిగి, ఒకే యనుభవమును ఒకే తీరున చెప్పుట గమనింపదగినది.

అయితే కంచము పొత్తు మనలో అందరికి నందినది కాదు. పంక్తిభేదములు, వేరు గ్లాసులు, ఫలానావారికి మాత్రమే ప్రవేశమను కట్టుబాట్లు మన హోటళ్ళ చరిత్రలో లేకపోలేదు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము తన 15వ అధికరణమున, మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచేత ఏ పౌరునిగాని దుకాణములలోనికి, సార్వజనిక భోజనశాలలలోనికి, హోటళ్ళలోనికి పోకుండ అడ్డరాదని శాసించినది. భోజనశాల తలుపును గురించి రాజ్యాంగము మాటలాడవలసి వచ్చిన దేశము మనది. కలసి కూర్చుండి తినుట చిన్న సంగతి కాదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు.

చట్టము తలుపును తెరువగలదు. లోపల కూర్చున్న తరువాత, తక్కువ రొక్కము గల మిత్రుడు చిన్నబోకుండ చూచుట చట్టము వలన కాదు. తోడి మిత్రుల వలననే కావలెను. నేడు మన పట్టణములలోను నలుగురు యువకులు కలసి హోటలుకు పోయి, వ్యయమును సమముగా పంచుకొనుట పెరుగుచున్నది. ఆ పద్ధతి మంచిదే. పట్టిక చేతికి వచ్చినప్పుడు, బల్లచుట్టు కూర్చున్నవారిలో ఆకలి లేదన్నవాడు ఎవడైన నున్నాడా యని ఒక్కమారు చూచి, అతని పళ్ళెమునుబట్టి మన పళ్ళెములను తెప్పించుకొన్నచో, మరుసటి వారము కూడ అతడు వచ్చును.